పుణెలో గ్యాస్ ధర

ఏప్రిల్ మొదటి వారంలో మా ఆవిడ సుమిత్రకు ప్రమోషన్ వచ్చింది. పదకొండేళ్లుగా బ్యాంకులో క్లర్కుగా చేస్తోంది. ఆఫీసరు పరీక్ష రాయడం అది మూడోసారి. ఆ రోజు బ్యాంకు నుంచి వస్తూ తోవలో తనే పావుకిలో పాలకోవా కొనుక్కొచ్చింది. చెప్పులు విప్పకుండానే మా అమ్మాయి శ్రీలేఖ నోట్లో ఒక ముక్క పెట్టి, నాకొక ముక్క ఇచ్చి, అప్పుడు చెప్పింది.

"ఆఫీసర్నయిన. పోస్టింగ్ పుణె."

కోవా నాలుక మీద అలాగే ఉండిపోయింది. నా మొహం సుమిత్ర కంటపడకూడదని వంటింట్లోకి పోయి గ్లాసుడు నీళ్లు తాగొచ్చాను.

"రెండేండ్లు తప్పదంట," అంది. "వద్దంటే మళ్లా మూడేండ్ల దాక పరీక్ష రాయనియ్యరు. ఈ నెలాఖరు లోపట ఔనో కాదో రాసియ్యాలె."

"నీకు పోవాల్నని ఉందా?"

"ఉంది. కని పోయి అప్పులపాలు గావద్దు గద. నీ జీతం పోతది. అక్కడ కిరాయిలు ఎక్కువంటరు." అప్పుడు చెప్పులు విప్పింది. "నువ్వు బజార్ల తిరిగేటోనివి. ధరలు నీకు తెల్సినంత నాకు తెల్వది. ఇక్కడెంత అయితది, అక్కడెంత అయితది, ఒక కాయితం మీద రాయి. మిగుల్తదంటే పోదాం. మిగల్దంటే ఈ ముచ్చట ఇడ్సిపెడదాం. నీ లెక్క మీద నాకు నమ్మకం."

నేను సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో పనిచేసేవాణ్ణి. పేపర్ ప్లేట్లు, స్వీటు డబ్బాలు, ప్యాకింగ్ కవర్ల వ్యాపారం. స్కూటర్ మీద మారేడ్‌పల్లి నుంచి బోయిన్‌పల్లి దాకా మిఠాయి దుకాణాలు తిరిగి ఆర్డర్లు రాసుకురావడం నా పని. పధ్నాలుగేళ్లు అదే పని. అందుకే ఇంట్లో ఏ వస్తువు ధర గురించైనా నా మాటే చివరి మాట.

సుమిత్రకు తెలియనిది ఒకటుంది. అప్పటికి ఏడాదిన్నరగా నా చూపు పోతోంది.

ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. పేపరు చదవగలను, సూదిలో దారం ఎక్కించగలను. కానీ పక్కలు మూసుకుపోతున్నాయి. పొద్దు వాలితే ముందున్నది కూడా మసకేసిపోతుంది. ఎవరికీ చెప్పకుండా ఒక కంటి ఆసుపత్రికి పోయి చూపించుకున్నాను. ఇది ముదిరేదే గాని తగ్గేది కాదన్నారు డాక్టరమ్మ. మీ ఇంట్లో పెద్దవాళ్లకెవరికైనా ఉందా అని అడిగితే లేదన్నాను. ఆ కాగితాలు దుకాణం గోడౌన్‌లో డబ్బాల కట్టల వెనక పెట్టాను.

నిజానికి మా నాన్న భద్రయ్యకు ఉంది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో మిషన్ మీద పనిచేసిన మనిషి, చూపు తగ్గాక ఫైళ్లు అందించే పనికి మారాడు. బస్తీలో రేచీకటి భద్రయ్య అనేవాళ్లు. చివరి ఎనిమిదేళ్లు వాకిట్లో మంచం మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ల అడుగుల చప్పుడు విని పేర్లు చెప్పేవాడు. పిల్లలు కావాలని కాళ్లీడ్చి నడిచి, తప్పు చెప్తే నవ్వేవాళ్లు. ఆయన కూడా నవ్వేవాడు.

లాలాగూడలోనే పుట్టి పెరిగాను కనక ఏ మలుపులో స్పీడ్ బ్రేకరుందో, ఏ మోరీ మీద బండ పగిలుందో కళ్లతో చూడనక్కర్లేదు. సాయంత్రం ఆరు దాటాక ఏదో ఒక సాకు చెప్పి ఆర్డర్లకు పోవడం మానేశాను. అలా నెట్టుకొస్తున్నాను. పుణెలో అయితే రైలు దిగిన రోజే బయటపడిపోతాను. తెలియని వీధిలో తడుముకుంటూ నిలబడిన నన్ను నేనే ఊహించుకుని, ఆ వారమంతా అన్నం సరిగ్గా తినలేకపోయాను.

అయినా లెక్క నిజాయితీగానే మొదలుపెట్టాను. సుమిత్రతోపాటు పనిచేసి కిందటేడు పుణె బ్రాంచికి మారిన విశ్వతేజ అనే కుర్రాడికి ఫోన్ చేశాను.

"రెండు గదుల ఇల్లు పద్దెనిమిది వేలకు దొరుకుతది అన్నా," అన్నాడు. "అందులో చాలావరకు బ్యాంకే ఇస్తది. పాలు, కూరగాయలు ఇంచుమించు మన రేట్లే. గ్యాస్ అయితే మనకంటె యాభై రూపాయలు తక్కువ. అక్కను పరేషాన్ కావొద్దను. మీరొస్తే నాకూ మనోళ్లున్నట్టుంటది."

పెన్సిల్‌తో రాసుకుంటూ పోయాను. కిరాయి, పాలు, గ్యాస్, శ్రీలేఖ స్కూల్ ఫీజు, బస్సు ఖర్చులు. నా జీతం తీసేసినా నెలకు ఏడెనిమిది వేలు ఎక్కువే మిగులుతున్నాయి. రెండుసార్లు కూడాను. అదే వచ్చింది.

ఆ కాగితం ఇంకా జేబులో ఉండగానే బుచ్చమ్మ సంగతి జరిగింది.

శ్రీలేఖకు ఆరో తరగతి చివరి పరీక్షలు నడుస్తున్నాయి. రెండో పరీక్ష రోజు పొద్దున ఎనిమిదింటికి స్కూటర్ మీద తీసుకుపోతున్నాను. వెలుగు బాగానే ఉంది, రోడ్డు ఖాళీ. ఆకుకూరలమ్మే బుచ్చమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని ఎడమ పక్క నుంచి రోడ్డు దాటుతోందట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. నాకు తెలిసిందల్లా హ్యాండిల్‌కు ఏదో తగలడం, తట్ట పడ్డ చప్పుడు, వెనక నుంచి శ్రీలేఖ "నాన్నా" అనడం.

బండి ఆపి చూస్తే బుచ్చమ్మ రోడ్డు మీద కూర్చుని ఉంది. తోటకూర కట్టలు చుట్టూ చెదిరిపోయాయి. కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని, ఏడవకుండా, నన్నే చూస్తోంది.

"నీ ముంగటికెల్లే పోతున్న గద బిడ్డా. కనవడలేదా?"

"ఎండ కండ్లల్ల పడ్డదమ్మా," అన్నాను.

ఎండ మా వీపు వైపు ఉంది. బుచ్చమ్మ అది గమనించిందో లేదో గాని, కట్టలు ఏరుతున్న శ్రీలేఖ చేతులు ఒక్క క్షణం ఆగాయి.

దగ్గర్లోని క్లినిక్‌లో బుచ్చమ్మ చేతికి పట్టీ వేయించాను. ఎముక చిట్లిందన్నారు. ఖర్చు పెట్టుకుని, ఆటోలో ఇంటికి పంపి, శ్రీలేఖను స్కూలుకు చేర్చేసరికి పరీక్ష మొదలై పది నిమిషాలైంది. గేటు దగ్గర దాని రెండు భుజాలూ పట్టుకుని చెప్పాను.

"అమ్మకు చెప్పకు. పరేషాన్ అయితది."

"సరే," అంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది. "ఆమె మనకు ఎదురుంగనే వచ్చింది నాన్నా."

తెలిసిన ఊళ్లో, పట్టపగలు, నా కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని ఒక ముసలామెను గుద్దాను. తెలియని ఊళ్లో ఏం చేస్తానో. ఆ మధ్యాహ్నం గోడౌన్‌లో కూర్చుని కొత్త కాగితం తీశాను. కిరాయి ఇరవై ఎనిమిది వేలు అని రాశాను. స్కూల్ ఫీజు రెండింతలు చేశాను. పాలు లీటరుకు పది రూపాయలు పెంచాను. చెయ్యి ఆగలేదు. గ్యాస్ సిలిండర్ వెయ్యీ అరవై అని కూడా రాసి కింద గీత గీశాను. నెలకు నాలుగు వేలు తక్కువ పడుతుందని తేలింది.

సుమిత్ర ఆ కాగితం చదివి, "గింత తేడానా," అంది అంతే. మడిచి బ్యాగులో పెట్టుకుంది. ఆమె మొహం వాడిపోవడం ఎదురుగానే ఉంది గనక బాగానే కనిపించింది.

నాలుగు రోజుల తర్వాత బ్యాంకు నుంచి వచ్చి, శ్రీలేఖను పక్కింటికి పంపి, నా ముందు కూర్చుంది. కాగితం బల్ల మీద పెట్టింది.

"ఇయ్యాల లంచ్ టైంల మా మేడంకు చూపించిన. ఆమె చెల్లెలు అక్కడనే ఉంటదంట. కిరాయి సూసి ఏమనలేదు. గ్యాస్ దగ్గరికొచ్చి నవ్వింది."

కాగితం తీసుకోబోతే అరచేత్తో నొక్కి పట్టింది.

"కిరాయి తప్పు రాస్తే తెల్వక రాసినవ్ అనుకుందు. ఫీజు గూడ అట్లనే అనుకుందు. గ్యాస్ రేటు ఫోన్ల కొడితే వస్తది గద. మనకంటె తక్కువే ఉన్నది. విశ్వతేజకు గూడ ఫోన్ చేసిన. అన్నీ అన్నకు చెప్పిన గద అక్కా అన్నడు." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "నేను ఆఫీసర్నయితే నీకు తక్లీఫా?"

అప్పుడు చెప్పేయొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ కళ్లు పోతున్నాయని చెప్పడంకంటే, పెళ్లాం పైకొస్తే ఓర్వలేని మొగుణ్ణని ఒప్పుకోవడమే నాకు సులువనిపించింది. అలాంటి మొగుళ్లు బస్తీకి పదిమంది ఉంటారు. ఎవరూ వాళ్లను చూసి కాళ్లీడ్చి నడవరు.

"అట్లనే అనుకో," అన్నాను.

సుమిత్ర కాసేపు నన్ను చూసింది. పదమూడేళ్ల కాపురంలో ఆమె నన్ను అలా, కొత్త మనిషిని చూసినట్టు చూడటం అదే మొదలు. లేచి పోయి బియ్యం కడిగింది.

ఆ తర్వాత పది రోజులు ఇంట్లో మాటలు కరువయ్యాయి. ఉప్పు, పప్పు, కరెంటు బిల్లు, అంతే. ఎండలు ముదిరాయి. నేను స్కూటర్‌ను నడకకంటే కొంచెం వేగంగా నడిపేవాణ్ణి, వెనకవాళ్లు హారన్లు కొట్టి తిట్టి పోయేవాళ్లు. పక్క నుంచి ఏది వచ్చి పడుతుందోనని తల అటూ ఇటూ తిప్పీ తిప్పీ ఇంటికొచ్చేసరికి మెడ పట్టేసేది. బుచ్చమ్మ కూర్చునే చోట ఆమె కోడలు కూర్చుంటోంది. ఆ వీధి గుండా పోవడం మానేశాను.

ఏప్రిల్ చివరి ఆదివారం సాయంత్రం గడప మీద కూర్చుని ఉన్నాను. ఇంట్లో ఇంకా లైటు వేయలేదు. సుమిత్ర ఒక కాగితంతో వచ్చి పక్కన నిలబడింది.

"రేపు ఇచ్చేస్త. కుటుంబ కారణాల వల్ల ప్రమోషన్ వద్దనుకుంటున్నా అని రాసిన. ఒకసారి సూడు."

ఆ చీకట్లో నేను చదవలేను. "నువ్వు రాసినవ్ గద, మంచిగనే ఉంటది," అన్నాను.

లోపలి నుంచి ఏదో గీరుకున్న చప్పుడు వచ్చింది. చప్పుడును బట్టి, శ్రీలేఖ గది మధ్యలో ఉన్న స్టూలును గోడకు జరుపుతోంది. తర్వాత నీళ్ల బకెట్టు. తర్వాత తలుపు దగ్గరున్న చెప్పులు ఒక్కొక్క జతే తీసి మూలకు పెడుతోంది. సుమిత్ర మాట ఆపి దాన్నే చూస్తోంది.

"శ్రీలేఖా, ఆ స్టూలు ఎందుకు జరుపుతున్నవ్?"

"ఊకనే."

"పదిహేను రోజుల సంది సూస్తున్న. పొద్దుగూకంగనే ఇల్లంత సర్దుతున్నవ్. నేనెన్నడు చెప్పలేదు గద."

శ్రీలేఖ నా వైపు చూసిందనుకుంటాను. చెప్పడమా మానడమా అని తేల్చుకోలేక నిలబడింది.

"నాన్నకు తాకుతయని," అంది చివరికి. అని లోపలికి పోయింది.

సుమిత్ర నా పక్కన గడప మీద కూర్చుంది.

"మామకున్నదే గద," అంది.

"అవును."

"ఎన్నొద్దుల సంది?"

"ఏడాదిన్నర."

తిడుతుందని చూశాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె లోపలి గదివైపే చూస్తూ, చాలా మెల్లగా అడిగింది.

"పొల్లను సూపించినవా?"

లేదన్నాను. నిజం చెప్పాలంటే, ఆ ఏడాదిన్నరలో ఆ మాట ఒక్కసారి కూడా నా మనసులోకి రాలేదు. నాన్నకు వచ్చింది, నాకు వచ్చింది, అక్కడితో ఆగినట్టే నా గురించి నేను భయపడుతూ కూర్చున్నాను. గడప మీద కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఉండి, రెండు చేతులతో దాని చెక్కను పట్టుకున్నాను.

సుమిత్ర ఆ కాగితాన్ని చించలేదు. మడిచి బ్యాగులో పెట్టుకుంది. మర్నాడు సెలవు పెట్టింది.

ఆసుపత్రికి ముగ్గురం ఆటోలో పోయాం. గోడౌన్‌లో దాచిన కాగితాలు తోవలో దిగి తెచ్చుకున్నాను. ఆటోలో శ్రీలేఖ మా ఇద్దరి మధ్య కూర్చుంది కనక సుమిత్ర దాని తల మీదుగా, బయటకు చూస్తూ, ఒకే ఒక్క మాటంది.

"మామకు ఎనిమిదేండ్లు అన్నం పెట్టిన. నాకు చెప్పనీకి నీకేం అడ్డమొచ్చె?"

డాక్టరమ్మ ఎలీనా నన్ను గుర్తుపట్టారు. ఇంట్లో ఎవరికీ లేదన్నారు కదా అని అడగలేదు. నాన్న సంగతి నేనే చెప్పాను. ఆమె రాసుకుని, శ్రీలేఖను పక్క గదిలోకి పంపారు. ఆ పరీక్ష నాకు తెలుసు. గిన్నెలాంటి తెల్లని యంత్రంలో గడ్డం ఆనించి కూర్చోవాలి. ఎక్కడో ఒక చోట చిన్న వెలుగు చుక్క మెరుస్తుంది. కనబడ్డప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. నేను చేసినప్పుడు చుక్కకూ చుక్కకూ మధ్య ఎంతో సేపు ఏమీ ఉండేది కాదు. యంత్రం ఆగిపోయిందేమో అని అడిగాను కూడా. ఆగలేదండీ, చుక్కలు వస్తూనే ఉన్నాయి అంది పరీక్ష చేస్తున్న అమ్మాయి.

తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాం. లోపల బటన్ నొక్కిన చప్పుడు వినపడుతుందేమోనని చెవి పెట్టాను. ఏసీ హోరు తప్ప ఏమీ వినపడలేదు. సుమిత్ర చున్నీ కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుడుతోంది. ఎంతసేపైందో. లోపల పిల్ల బటన్ నొక్కకుండా ఊరికే చూస్తూ కూర్చుందేమో, యంత్రం ఆగిపోయిందా అని అడుగుతోందేమో అనిపించి, లేచి నిలబడి, మళ్లీ కూర్చున్నాను.

శ్రీలేఖ బయటికొచ్చింది. "ఎన్ని చుక్కలో నాన్నా. నొక్కీ నొక్కీ బొటనవేలు నొస్తుంది."

నేను మొహం అటు తిప్పుకున్నాను.

ఇంకా రెండు పరీక్షలు చేసి, కళ్లలో చుక్కల మందు వేసి చూసి, మధ్యాహ్నానికి డాక్టరమ్మ పిలిచారు.

"ఇప్పటికైతే పాప కళ్లు బాగున్నాయి. ఇప్పటికి అని కావాలనే అంటున్నాను. ఏటా ఒకసారి చూపించాలి. ఏ ఊళ్లో ఉన్నా సరే." తర్వాత నా వైపు తిరిగారు. "మీరు ఇక్కడికి ఎలా వచ్చారు?"

"ఆటోల."

"స్కూటర్ ఎక్కడుంది?"

"ఇంటి దగ్గర."

"అక్కడే ఉండనీయండి."

వారం లోపల దాన్ని దుకాణంలో తోటి పనివాడికి అమ్మేశాను. అంతకు ముందే బుచ్చమ్మ ఇంటికి పోయి అసలు సంగతి చెప్పాను. క్షమించేస్తుందని ఎక్కడో అనుకున్నానేమో. ఆమె పట్టీ ఉన్న చేతిని ఒళ్లో పెట్టుకుని, "కండ్లు గానొస్తలేవని తెల్సి బండెక్కినవా? పొల్లను ఎన్కకు ఎక్కించుకోని?" అంది. నన్ను కూర్చోమంటుందేమోనని కాసేపు నిలబడి, వచ్చేశాను.

గడువుకు ఒక్క రోజుందనగా సుమిత్ర అడిగింది.

"నువ్వు అక్కడ ఎట్ల తిరుగుతవ్?"

"ఇక్కడ గూడ ఎన్నొద్దులు తిరుగుత," అన్నాను. "భయమైతుంది సుమిత్రా. కని నా భయానికి నువ్వు మూడేండ్లు ఆగుడు ఎందుకు."

ఆ సాయంత్రం లైటు వేసుకుని, ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని మళ్లీ లెక్క రాశాం. ఈసారి ఆమె చెప్తుంటే నేను రాశాను. ఇంటి నుంచి బ్యాంకు ఎంత దూరం. వీధి లైట్లున్నాయా. కాలిబాట ఉందా, దాని మీద బండ్లు పెడతారా. కంటి ఆసుపత్రికి బస్సు ఒకటేనా, మారాలా. మర్నాడు సుమిత్ర ఔనని రాసిచ్చింది. ఆ తర్వాత విశ్వతేజ పాపం రెండు ఆదివారాలు తిరిగి ఫోటోలు పంపాడు. అలాంటి ఇల్లు వెతికితే కిరాయి ఇరవై ఆరు వేలైంది. మిగిలేదేమీ పెద్దగా లేదు. సుమిత్ర ఆ అంకె చూసి, కాగితం తిప్పి నా ముందు పెట్టి, "నీ లెక్కనే కరెక్టయ్యేటట్టున్నది," అంది. నెల రోజుల్లో ఆమె నా ముందు నవ్వడం అదే. నాకు నవ్వు రాలేదు గాని, ఊపిరి వచ్చింది.

జూన్ రెండో వారంలో పుణె చేరాం. మా ఇల్లు మొదటి అంతస్తు. మొదటి వారమంతా నేను గడప దాటలేదు. పాలకూ కూరగాయలకూ సుమిత్రే, లేదంటే శ్రీలేఖ. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటే, వర్షంలో గొడుగుల కింద పోయేవాళ్ల మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు. నాన్న మంచం గుర్తొచ్చేది. అక్కడ ఆయనకు అడుగుల చప్పుళ్లైనా తెలుసు.

ఎనిమిదో రోజు సాయంత్రం పెరుగు అయిపోయింది. ఇంకా వెలుగుంది కదా అని నేనే దిగాను. రోడ్డవతలి దుకాణానికి పోయి వచ్చేసరికి వాన దంచుతోంది. మెట్ల కింద అడుగుపెట్టానో లేదో, కరెంటు పోయింది.

ఏమీ కనిపించలేదు. గోడ ఎటో, మెట్టు ఎటో. ఒక చేతిలో పెరుగు ప్యాకెట్, ఇంకో చెయ్యి గాలిలో. ఆ వాన హోరులో సుమిత్రను పిలిచినా వినపడదు. వెనక ఎవరో గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చిన చప్పుడైంది. పాత అలవాటు ప్రకారం నా చెయ్యి ఫోన్ కోసం జేబులోకి పోయింది. ఇలాంటప్పుడు ఫోన్ చెవికి పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు, మనిషి దాటిపోయేదాకా నిలబడటం నాకు బాగా వచ్చు.

ఫోన్ తీయలేదు. మా సికింద్రాబాద్ హిందీలో, ఇన్నాళ్లలో మొదటిసారి ఒక పరాయి మనిషికి చెప్పాను.

"భాయ్, అంధేరే మే నజర్ నై ఆతా. జెర హాత్ దేవ్."

చీకట్లో కనిపించదు, చెయ్యివ్వమని. అతను మరాఠీలో ఏదో అన్నాడు. తడిసిన చెయ్యి ఒకటి నా మోచేతిని పట్టుకుంది. పాదంతో మెట్టును తట్టి చూపించి, పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఏక్, దోన్, తీన్. తొమ్మిదో మెట్టు దగ్గర చదును వచ్చింది. అతను ఆగి, వచ్చేశామన్నట్టు నా భుజం తట్టాడు. మా ఇంటికి మలుపు తిరిగి ఇంకో వరస ఎక్కాలి. ఆ మాట అతనికి అర్థమయ్యేలా చెప్పడం నాకు రాలేదు. అతని చెయ్యి వదలకుండా, దాన్నే పైకెత్తి చూపించాను.

చీకట్లో అతను నవ్విన చప్పుడైంది. మళ్లీ పాదంతో మెట్టు తట్టాడు. ఏక్. దోన్.